ఒకే ముక్క, రెండు కొలువులు

చిటికెన వేలి గోరంత సిలికాన్ ముక్క. కొలిస్తే 70 చదరపు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. దాని మీద 8 కోర్లు, 650 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు. తైవాన్‌లో టీఎస్‌ఎంసీ వాళ్లు 5 నానోమీటర్ల పద్ధతిలో చెక్కి ఇస్తారు. ఏఎండీ కంపెనీ ఆ ముక్కలు రెండింటిని పక్కపక్కన కూర్చి, మెమరీతోనూ బయటి ప్రపంచంతోనూ మాట్లాడటానికి ఇంకో ముక్కను జతచేసి, 2022 సెప్టెంబరులో రైజెన్ 9 7950ఎక్స్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్ కోసమన్నమాట. ఆ నవంబరులోనే అవే ముక్కల్ని 12 పేర్చి ఎపిక్ 9654 అంది. ఇది డేటా సెంటర్ల కోసం. లోపలి కోర్లున్న ముక్క మాత్రం రెండింట్లోనూ ఒకటే!

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్ రోడ్డు మీద వెళ్తుంటే నాకు నవ్వొస్తుంది. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. హాస్టల్ గదిలో ఏ కుర్రాడో అప్పుచేసి కొనుక్కున్న గేమింగ్ సిస్టమ్‌లో ఉండే ముక్కా, కోట్ల రూపాయల కాపలా మధ్య చల్లగాలి పోసుకుంటూ బతికే సర్వర్‌లోని ముక్కా ఒకే పళ్లెంలోంచి కోసినవి. ఒకటి ఆట ఆడిస్తుంది, ఇంకొకటి వేలమందికి బ్యాంకు లెక్కలు చూస్తుంది.

మరి తేడా ఎక్కడ? ముందు అంకెలు చూద్దాం. రైజెన్‌కు 16 కోర్లు, ఎపిక్‌కు 96. క్యాష్ మెమరీ 64 మెగాబైట్లకు 384. ర్యామ్‌తో మాట్లాడే దారులు రెండింటికి పన్నెండు. రైజెన్ మార్కెట్లోకి వచ్చినప్పుడు 128 గిగాబైట్ల ర్యామ్ దాకా పట్టేది, ఎపిక్ ఒక్కటే 6 టెరాబైట్లు మోస్తుంది. కింద సాకెట్‌ను తాకే బిందువులు 1,718కి 6,096. ఇంతవరకూ అన్నిట్లోనూ పెద్దదే పెద్దది. వేగం దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఇంటి ప్రాసెసర్ 5.7 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది, సర్వర్‌ది 3.7 దగ్గర ఆగిపోతుంది. ఒక్క పని, ఒక్క మనిషి అయితే చవకదే గెలుస్తుంది.

కారణం కరెంటు. రైజెన్‌కు కేటాయించిన 170 వాట్లు 16 కోర్లు పంచుకుంటే తలా పది వాట్లకు పైనే వస్తాయి. ఎపిక్‌లో 360 వాట్లను 96 కోర్లు పంచుకోవాలి, తలా నాలుగు కూడా రావు. ట్రాన్సిస్టర్‌ను చివరి అంచుదాకా తరిమితే అది తాగే కరెంటు వేగాన్ని మించి పెరుగుతుంది. అందుకే సర్వర్‌లో ఎవరినీ తరమరు, అందర్నీ నిదానంగా నడిపిస్తారు. రాత్రింబవళ్లు నడిచే చోట కరెంటు బిల్లే అసలు ఖర్చు కదా.

ఇక ధర. విడుదలనాటికి రైజెన్ 699 డాలర్లు, ఎపిక్ 11,805. ముక్కలు ఆరు రెట్లు, ధర దాదాపు 17 రెట్లు. సర్వర్ దాంట్లో మధ్యలో కూర్చునే ముక్క చాలా పెద్దది, పరీక్షలు ఎక్కువ, హామీ గట్టిది, నిజమే. కానీ ఒక్కో కోర్‌కు ఇంతని లెక్కేస్తే ఇంటివాడికి 44 డాలర్లకు దొరికినది సర్వర్‌వాడికి 123 పడింది. ఆ మిగతా సొమ్ము దేనికి? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే వింతలు వరసగా తగులుతాయి. చాలాచోట్ల తేడా సిలికాన్‌లో ఉండదు, దానికి వేసిన తాళంలో ఉంటుంది.

ఆ తాళాల కథకు ముందు, మన దగ్గర సర్వర్లు ఉండే చోటు చూద్దాం. మొయినాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా షాబాద్ వైపు తిరిగితే చందనవెల్లి వస్తుంది.  మొయినాబాద్ నేల మీద పెద్ద పరిశ్రమలు రాకుండా 1996 మార్చిలో వచ్చిన జీవో 111 అడ్డుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడటానికి 84 గ్రామాల్లో పెట్టిన కట్టడి అది. అలా ఇటు పూలతోటలు, ఫామ్‌హౌస్‌లు, కాలేజీలు మిగిలాయి. అటు చందనవెల్లిలో పారిశ్రామిక పార్కు వెలిసింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 20,761 కోట్ల రూపాయల పెట్టుబడిని 2020 నవంబరులో ప్రకటించి, హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబరు 22న ప్రారంభించింది. చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ, ఈ మూడు చోట్లా వాళ్ల క్యాంపస్‌లున్నాయి. ఒక చోట ఏదైనా జరిగితే ఇంకో చోటు ఆదుకోవాలని దూరదూరంగా కట్టుకున్నారు. చిత్రం చూడండి, 1998లో ఇదే నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ 24 ఏళ్ల మధ్యలోనే మన కథలోని మసాలా అంతా ఉంది. దానికి ముందు కాస్త పూర్వీకుల్ని పలకరించి వద్దాం.

మొదట్లో ఈ తేడాయే లేదు. ఇంటికి ఒకటి, ఆఫీసుకు ఒకటి అని చీల్చడానికి ఇళ్లల్లో కంప్యూటర్లుంటే కదా! మన హైదరాబాద్‌కు ఆ కాలంలోనే వాటా ఉంది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, అదే మన ఏఎస్ రావు గారు, 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను 1969లో విక్రమ్ సారాభాయ్ ఆవిష్కరించారు. ఆ వరసలో టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316 ఈసీఐఎల్ నుంచి వచ్చాయి. వాటిలో ప్రాసెసర్ అంటే ఒక చిప్పు కాదు, బీరువాలో వరసగా గుచ్చిన సర్క్యూట్ బోర్డులు. ఒకే యంత్రం ప్రయోగశాలకూ అదే, కర్మాగారానికీ అదే. హైదరాబాద్‌లో కంప్యూటర్ కట్టారని చెబితే ఇవాళ్టి పిల్లలు నమ్మరు. రావు గారి పేరుతో ఒక నగర్ ఉంది, బస్సు బోర్డు మీద ఆ పేరు రోజూ చదువుతాం, ఆ యంత్రాల్ని మాత్రం మరిచిపోయాం. అలా కట్టేవాళ్ల ఊరు కాస్తా కొనేవాళ్ల ఊరుగా మారిపోవడం మనకు జరిగిన నష్టాల్లో ఒకటి. మళ్లీ చిప్పుల రూపకల్పన ఈ ఊరికి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు ఏఎండీకి ఇక్కడ పెద్ద కేంద్రముంది. ఇంటెల్ 2019లో డిజైన్ సెంటర్ తెరిచింది, కొవ్వూరు నుంచి వెళ్లిన రాజా కోడూరి అప్పుడు ఆ కంపెనీలో పెద్దల్లో ఒకరు.

అమెరికాలో ఇంటెల్ 1971లో చేసిన 4004 చిప్పు జపాన్ కంపెనీ బిజికామ్ లెక్కల యంత్రం కోసం పుట్టింది, 2,300 ట్రాన్సిస్టర్లు. 1978లో 8086, దాని తమ్ముడు 8088తో 1981లో ఐబీఎం పీసీ. ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో ఎక్కువ భాగం మాట్లాడే భాష ఈ బల్ల మీది యంత్రానిదే. అంటే ఇల్లు ముందు, కోట తర్వాత. 1989లో కాంపాక్ కంపెనీ సిస్టమ్‌ప్రో అనే పెట్టె చేసింది. పీసీ పద్ధతిలోనే కట్టి, రెండు ప్రాసెసర్లు పట్టేలా చేసి, దాన్ని సర్వర్‌గా అమ్మింది. లోపల ఉన్నది అందరికీ దొరికే 386, 486లే.

తాళాల చరిత్ర అసలు 1991లో మొదలైందంటాను నేను. ఆ ఏడాది ఇంటెల్ 486ఎస్‌ఎక్స్ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. తొలి బ్యాచుల్లో అది మామూలు 486 చిప్పే, దశాంశాల లెక్కలు చేసే భాగాన్ని పనిచేయకుండా చేశారంతే. ఆ లెక్కలు కావాలంటే 487ఎస్‌ఎక్స్ అనే తోడు చిప్పు కొనుక్కోవాలి. ఆ తోడు చిప్పు ఏమిటో తెలుసా? పూర్తి 486. దాన్ని పక్క సాకెట్‌లో పెట్టగానే అది పాతదాన్ని నిద్రపుచ్చి పని మొత్తం తానే అందుకునేది. కొన్నవాడి పెట్టెలో రెండు ప్రాసెసర్లు, ఒకటి జీతం లేని అతిథి.

1995 నవంబరులో వచ్చిన పెంటియమ్ ప్రో దగ్గర దారులు చీలాయి. ఒకే సిరామిక్ పళ్లెంలో రెండు ముక్కలు, ఒకటి ప్రాసెసర్, ఒకటి క్యాష్. రెండూ పూర్తి వేగంతో మాట్లాడుకునేవి. వేలాది పెంటియమ్ ప్రోలతో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో కట్టిన ఆస్కి రెడ్, సెకనుకు లక్ష కోట్ల లెక్కల గీత దాటిన మొదటి సూపర్ కంప్యూటర్ అయింది. చిక్కల్లా ఆ రెండు ముక్కల్ని అతికించాకే పూర్తిగా పరీక్షించాల్సి రావడం. క్యాష్ చెడితే మంచి ప్రాసెసర్ కూడా చెత్తబుట్టకే. 2017 నుంచి ఏఎండీ చేస్తున్నది ఆ పాత ఆలోచననే, ముక్కల్ని ముందే పరీక్షించి కూర్చడం కొత్త. పాపం పెంటియమ్ ప్రోలు ఇప్పుడు తుక్కు వ్యాపారుల దగ్గర వాటిలోని బంగారం కోసం అమ్ముడుపోతున్నాయి.

ఇక 1998కి వద్దాం. నా మనసు ఇక్కడ కాసేపు ఆగుతుంది.

ఆ ఏప్రిల్‌లో ఇంటెల్ సెలరాన్ అనే చవక ప్రాసెసర్‌ను దించింది. పెంటియమ్-2లోంచి రెండో క్యాష్‌ను పూర్తిగా తీసేసి అమ్మింది. జనం పెదవి విరిచారు. ఆ జూన్‌లో రెండో కొస దించింది, పెంటియమ్-2 జియాన్. అరచేతికంటే పెద్ద డబ్బా, పూర్తి వేగంతో నడిచే క్యాష్, వెయ్యి డాలర్లు దాటిన ధర. ఒకే కోర్‌కు మూడు వేషాలు: పేదవాడికి సెలరాన్, నడిమి తరగతికి పెంటియమ్, కంపెనీలకు జియాన్. జియాన్ పేరు ఆనాడు పుట్టి ఇప్పటికీ నడుస్తోంది.

ఆగస్టులో సెలరాన్ పరువు నిలబెట్టడానికి 300ఏ అనే రకం తెచ్చారు. ఈసారి 128 కిలోబైట్ల క్యాష్‌ను ప్రాసెసర్ చిప్పు మీదే చెక్కారు. అది పూర్తి వేగంతో నడుస్తుంది. పెంటియమ్-2లోని 512 కిలోబైట్ల క్యాష్ బయటి చిప్పుల్లో ఉండి సగం వేగంతో నడిచేది. ట్రాన్సిస్టర్లు లెక్కపెడితే పెంటియమ్-2లో 75 లక్షలు, ఈ చవక సెలరాన్‌లో కోటీ 90 లక్షలు! చవకదాంట్లో సరుకు ఎక్కువ పడింది. దాని వేగం, బోర్డుతో మాట్లాడే దారి అయిన 66 మెగాహెర్ట్జ్ బస్సును నాలుగున్నరతో హెచ్చిస్తే వచ్చే 300. ఆ బస్సును 100కు మారిస్తే? 450. అప్పటి అత్యంత వేగమైన పెంటియమ్-2 కూడా 450నే. దాని ధర 669 డాలర్లు, సెలరాన్‌ది 149. బి21 అనే పిన్ను మీద చిన్న టేపు ముక్క అంటిస్తే మదర్‌బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అనుకునేది. చాలా సెలరాన్లు కిక్కురుమనకుండా ఆ వేగంతో నడిచాయి.

మన దగ్గర ఈ ముచ్చట్లకు నెలవు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట సీటీసీ. అమీర్‌పేట వై2కె చదువులతో కిటకిటలాడే రోజులవి. అసెంబుల్డ్ సిస్టమ్ కొనడానికి జిల్లాల నుంచి తండ్రీకొడుకులు జాబితా రాసుకుని వచ్చేవాళ్లు. 'సెలరాన్ వేస్తే సరిపోతుంది బాబూ, పెంటియమ్ ఎందుకు' అని కౌంటర్ మీదివాడు అంటే తండ్రి ముఖం వికసించేది, కొడుకు ముఖం వాడేది. ఆ కొడుక్కి చేతిలో ఏముందో తెలిసుంటే తండ్రికంటే ఎక్కువ సంతోషించేవాడు. అలా సెలరాన్ మీద చదువుకున్నవాళ్లలో ఎందరో తర్వాత చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, వీసా రాగానే 108 చేసి విమానమెక్కారు.

అంతకంటే వింత ఇంకోటి. ఒకే బోర్డు మీద రెండు ప్రాసెసర్లు నడపడం సర్వర్ల హక్కు. సెలరాన్‌కు ఆ విద్య రాదని ఇంటెల్ చెప్పేది. లోపల చూస్తే విద్య ఉంది, దారి మాత్రం బయటికి తీయలేదు. కార్డు మీద బి75 అనే చోట సన్నగా డ్రిల్లు పెట్టి ఒక తీగ అతికిస్తే రెండు సెలరాన్లు జంటగా నడుస్తాయని కొందరు ఔత్సాహికులు కనిపెట్టారు. తర్వాత సాకెట్‌లో కూర్చునే సెలరాన్లు వచ్చాక డ్రిల్లు అక్కర కూడా లేకపోయింది. 1999లో తైవాన్ కంపెనీ ఎబిట్, బీపీ6 అనే మదర్‌బోర్డు తెచ్చింది. రెండు సెలరాన్లను ఏ మార్పూ లేకుండా పక్కపక్కన కూర్చోబెట్టే తొలి బోర్డు అది. విండోస్ 98 రెండో ప్రాసెసర్‌ను గుర్తించదు గనుక విండోస్ ఎన్‌టీ గానీ లినక్స్ గానీ వేసుకోవాలి. అలా ఎంతోమంది కుర్రాళ్లు లినక్స్‌కు దగ్గరయ్యారు. ఇల్లు, సర్వర్ అన్న గోడకు ఓ ఏడాదిపాటు కిటికీ తెరుచుకుంది. 2000లో వచ్చిన సెలరాన్లలో ఇంటెల్ ఆ కిటికీ మూసేసింది.

కిటికీలోంచి లోపలికి దూరినవాళ్లలో గూగుల్ ఒకటి. 1999లో వాళ్ల సర్వర్లకు పెట్టెలే లేవు. ఒక్కో పళ్లెం మీద నాలుగు మామూలు మదర్‌బోర్డులు పరిచి, కింద షార్ట్ కాకుండా కార్క్ షీటు వేసేవాళ్లు. ఆ ర్యాక్ ఒకటి ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. 2003లో గూగుల్ ఇంజనీర్లు లూయీజ్ బరోసో, జెఫ్ డీన్, ఉర్స్ హోల్జ్‌లే తమ యంత్రాంగం గుట్టు విప్పారు: 15,000కు పైగా మామూలు పీసీలు, వాటిలో 533 మెగాహెర్ట్జ్ సెలరాన్లు కూడా. ఖరీదైన సర్వర్ చెడకూడదని చూడటం కంటే, చవకవి చెడతాయని ముందే ఒప్పుకుని సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవడం వాళ్ల పద్ధతి. క్లౌడ్ అని ఇవాళ మనం అంటున్నదానికి పునాది జియాన్ ఒక్కటే వేయలేదు, మన సీటీసీలో దొరికే సరుకూ వేసింది.

తర్వాతి కాలాన్ని గబగబా దాటేద్దాం. ఇంటి భాషను వదిలి సర్వర్లకు ప్రత్యేక భాష ఉండాలని ఇంటెల్, హెచ్‌పీ కలిసి ఇటానియమ్ చేశాయి. 2001లో వచ్చి, ఎదగక, 2021లో ఆఖరి సరుకు పంపి కన్నుమూసింది. 2003 ఏప్రిల్‌లో ఏఎండీ ఆప్టెరాన్‌తో పాత ఇంటి భాషనే 64 బిట్లకు సాగదీసింది. ఆ సెప్టెంబరులో వచ్చిన అథ్లాన్ 64 ఎఫ్‌ఎక్స్-51 అయితే దాదాపు ఆప్టెరానే, సర్వర్ సాకెట్, సర్వర్ ర్యామ్‌తో సహా. మరుసటి ఏడాది ఇంటెల్ కూడా ఆ దారికే వచ్చింది. 2017లో ఏఎండీ ఒకే 8 కోర్ల చిప్పు ఒకటి పెడితే రైజెన్, రెండు పెడితే థ్రెడ్‌రిప్పర్, నాలుగు పెడితే ఎపిక్ అంది. అదే ఏడాది ఇంటెల్ జియాన్ ఫోటో చూసినవాళ్లకు ఇంకో తమాషా కనిపించింది. ఇంటి స్కైలేక్ కోర్‌ను అలాగే ఉంచి, పక్కన అదనపు క్యాష్, లెక్కల భాగం వరండాలా అతికించారు. ఆ జియాన్ల వంశానికి ఏళ్లపాటు ప్రధాన ఆర్కిటెక్ట్‌గా ఉండి 2025లో క్వాల్‌కామ్‌కు మారిన వ్యక్తి శైలేష్ కొత్తపల్లి.

అమెజాన్ తన క్లౌడ్‌లో అద్దెకిచ్చే సొంత ప్రాసెసర్ గ్రావిటాన్ పూర్వీకుడు కూడా ఇంటివాడే. అది ఆర్మ్ వంశం. బ్రిటన్‌లో బడిపిల్లల కంప్యూటర్లు చేసే ఎకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాన్ని రూపొందించారు. 1985 ఏప్రిల్‌లో తొలి చిప్పు వచ్చిన రోజు అది తాగే కరెంటు కొలిస్తే మీటరు సున్నా చూపించింది, చిప్పేమో శుభ్రంగా నడుస్తోంది. వెతగ్గా తేలింది, కరెంటు తీగ కలపడమే మరిచారు. మిగతా తీగల్లోంచి జారే కొసరుతోనే అది బతికేసింది. ఆ పొదుపే దాన్ని ముందు ఫోన్లలోకి, 2018 నుంచి అమెజాన్ సర్వర్లలోకి తీసుకెళ్లింది.

తాళాల మాట మళ్లీ ఎత్తాలి. 2010లో ఇంటెల్ 50 డాలర్ల కార్డు అమ్మింది. అందులోని నంబరు కొడితే పెంటియమ్ జీ6951లో దాచిన క్యాష్, హైపర్‌థ్రెడింగ్ మేల్కొనేవి. జనం తిట్టిపోశారు, పథకం చాప చుట్టేసింది. 2021లో వచ్చిన 12వ తరం కోర్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్-512 అనే సర్వర్ విద్య నిద్రపోతూ ఉంది. కొన్ని బోర్డులు దాన్ని లేపాయి. కొన్ని నెలలకే ఇంటెల్ ఆ దారి మూయించి, తర్వాతి సరుకులో చిప్పులోనే తెంపేసింది. వీటిని నేను వ్యాపార చమత్కారాలుగా క్షమిస్తాను. క్షమించలేనిది ఒకటుంది, అది ర్యామ్ కాపలాకు వేసిన తాళం.

1981 ఐబీఎం పీసీలో 8 బిట్లకు తొమ్మిదో బిట్టు ఒకటి కాపలా ఉండేది, దాని పేరు పారిటీ. ఒక బిట్టు తారుమారైతే యంత్రం ఆగిపోయి చెప్పేది. అలా తారుమారు కావడం కట్టుకథ కాదు. 1978లో ఇంటెల్‌లో టిమోతీ మే ఆ కారణం పట్టుకున్నాడు. మెమరీ చిప్పుల సిరామిక్ పెట్టెలు కొలరాడోలో ఒక నది ఒడ్డున తయారయ్యేవి. ఎగువన పాత యురేనియం మిల్లు. ఆ నీటి ద్వారా చేరిన రవంత యురేనియం విడిచే ఆల్ఫా కణాలు బిట్లను తిరగేశాయి. పై నుంచి వచ్చే విశ్వకిరణాలూ ఇదే పని చేస్తాయి. 2003 మే నెలలో బెల్జియంలోని షార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి సరిగ్గా 4,096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. రెండును పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. ఒకే ఒక్క బిట్టు తిరగబడి ఉంటుందని తేల్చారు. ఓటింగ్ యంత్రాలు చేసే మన ఈసీఐఎల్ ఊరివాళ్లం, ఈ కథ మనకు తెలిసుండాలి. 2009లో గూగుల్ తన సర్వర్ల మీద చేసిన అధ్యయనంలో ఏడాదికి నూటికి 8 ర్యామ్ స్టిక్కుల్లో కనీసం ఒక తప్పు దొరికింది. చవక పీసీలతో ఎదిగిన కంపెనీ కూడా అప్పటికే కాపలా ఉన్న ర్యామ్‌కు మారింది.

సూపర్ కంప్యూటర్ల పితామహుడు సేమూర్ క్రే 1960ల్లో తన యంత్రాలకు పారిటీ పెట్టకుండా, అది రైతులకు కావాల్సినదని హాస్యమాడాడంటారు. అమెరికాలో గిట్టుబాటు ధరకు కూడా అదే పేరు. తర్వాత పారిటీ పెట్టక తప్పలేదు. ఎందుకని అడిగితే, రైతులు కూడా కంప్యూటర్లు కొంటున్నారని తెలిసింది అన్నాడట.

ఆ మాట చేవెళ్లలో నిజంగానే నిజం. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రం 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు తెచ్చింది. ఇవాళ రైతు భూమి హక్కు అంటే కంప్యూటర్‌లోని అంకెలే. ఎకరం కోట్లు పలికే ఈ నేల మీద సర్వే నంబరులో ఒక అంకె మారితే ఇల్లు కోర్టు పాలవుతుంది. సర్వర్ ర్యామ్‌కు తప్పును పట్టుకుని సరిదిద్దే ఈసీసీ కాపలా ఉంది. అంకెలు టైపు చేసే డెస్క్‌టాప్‌కు లేదు. గరిసెకు తాళం వేసి కళ్లం గాలికొదిలినట్టు. 1990ల నడుమ ఖర్చు తగ్గించే పేరుతో ఇళ్ల కంప్యూటర్లలోంచి పారిటీ పోయింది. తర్వాత ఏళ్లతరబడి ఇంటెల్ ఈసీసీని జియాన్లకే దాచిపెట్టి, ఇంటి కోర్ ప్రాసెసర్లకు చాలావరకు ఇవ్వలేదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో ఈ విషయం మీద ఇంటెల్‌ను బాహాటంగా దులిపేశాడు. 1981లో అందరికీ ఉన్న భద్రత ఇప్పుడు డబ్బున్నవాడి సౌకర్యమైంది. 96 కోర్లు ఇంట్లో లేకపోతే ఎవరికీ నష్టం లేదు. ఈ కాపలా లేకపోతే నష్టం కనబడకుండా జరుగుతుంది.

కాబట్టి కొనేవాళ్లకు నా తీర్పు ఇది. ఆటలు, చదువు, ప్రోగ్రామింగ్, వీడియో ఎడిటింగ్, వీటికి డెస్క్‌టాప్ ప్రాసెసరే మేలు. ఒక్క పనిలో అది సర్వర్‌దానికంటే వేగం, కరెంటూ తక్కువ. చవకగా వస్తుందని పాత సర్వర్ ర్యామ్ కొనకండి, రిజిస్టర్డ్ రకం ఇంటి బోర్డులో నడవదు. డీడీఆర్5 ర్యామ్ లోపలే దిద్దుబాటు ఉందని అమ్మేవాళ్లు చెబుతారు. అది చిప్పు లోపలి వరకే, ర్యామ్ నుంచి ప్రాసెసర్ దాకా ఉండే దారికి కాదు. మీ సేవ కేంద్రం, సొసైటీ ఆఫీసు, ఆడిటర్ గది, కాలేజీ పరీక్షల విభాగం, ఇలా నలుగురి లెక్కలు ఉండేచోట మాత్రం ఈసీసీ అడగండి. చాలా రైజెన్ ప్రాసెసర్లు దానికి ఒప్పుకుంటాయి, మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి. ఇంటెల్ 12వ తరం నుంచి డబ్ల్యూ680 చిప్‌సెట్ బోర్డుతో దొరుకుతుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే. దుకాణంవాడు లేదంటే ఇంకో దుకాణంలో అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే అమ్మేవాళ్లు తెస్తారు.